రక్తబిందువు చెప్పిన రహస్యం – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

కృష్ణానది హంసలదీవి వద్ద సాగరంలో కలిసే ఈ దివిసీమలోనూ, బందరు, గుడివాడ పట్టణాలలోనూ గుండెజబ్బు స్థూలకాయులకు మాత్రమే వస్తుందని నమ్మేవారు నేటికీ ఉన్నారు. కాని మనిషి ఆకారం చూచి హృదయస్థితిని నిర్ణయించలేము, రక్తాన్ని పరీక్షించాలి. అట్టి పరీక్షల వెనుకనున్న జీవరసాయన శాస్త్రానికి పునాదిరాళ్ళు వేసినవారిలో ఒక తెలుగువారున్నారు. ఆ మహనీయుని చరిత్రను విద్యార్థి మిత్రులకు సంగ్రహంగా మనవి చేయదలచాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బాల్యంలో పేదరికం, తండ్రి మరణం ఆయన చదువును కుంటుపరచాయి. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసివచ్చింది. తిన్న ఆహారాన్ని ఒంటబట్టనీయని స్ప్రూ వ్యాధి కొద్దిరోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులను బలిగొన్నది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

మామగారి సాయంతోను, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి తోడ్పాటుతోను 1922లో అమెరికా చేరారు. బోస్టన్‌లో ఒక ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డులో చదివారు. సైరస్ ఫిస్కే ఆచార్యునితో కలిసి 1925లో రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ద్రవం నీలవర్ణం పొందుతుంది. ఆ నీలిమ ఎంత గాఢమైతే భాస్వరం అంత అధికమని లెక్క. ఈ సులభమైన కొలతే వారికి గొప్ప ద్వారం తెరచింది. కండరాలలో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, జీవకణాలకు శక్తినందించే ఎ.టి.పి.ని 1929లోను వారు వెల్లడించారు. జర్మనీలో లోమన్ కూడ అదే సంవత్సరం ఎ.టి.పి.ని విడిగా కనుగొన్నారు. క్షణం విశ్రమించని హృదయకండరం ఈ శక్తి మీదనే ఆధారపడి ఉన్నది.

హార్వర్డులో శాశ్వతస్థానం లభించక 1940లో లెడర్లే సంస్థలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. సోదరులను హరించిన స్ప్రూకు అది మందైంది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పిల్లల రక్తకాన్సరుకు అమినోప్టెరిన్, ఆపై ఆరియోమైసిన్ ఆ పరిశోధనాలయం నుండే వెలువడ్డాయి. మన డెల్టా పల్లెలలో బోదకాలు నివారణకు పంచిన మాత్రలలోని మందు ఆ హెట్రజానే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, ఆయన గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రానేలేదు. భార్య శేషగిరిగారి నిరీక్షణ ఫలించలేదు. హృదయానికి కలిగిన గాయాన్ని రక్తం ద్వారా తెలుసుకొనే పరీక్ష ఆనాటికి లేదు. 1960 ప్రాంతంలో క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము ఆ పనికి ఉపయోగపడసాగింది. ఫాస్ఫోక్రియాటిన్‌తో పనిచేసే ఎంజైము అదే! నేడు ట్రోపోనిన్ పరీక్ష దాని స్థానాన్ని ఆక్రమించింది.

అయితే ఇవి ప్రమాదం జరిగిన తరువాతి గుర్తులు. ముందుగా హెచ్చరించేవి వేరు: కొలెస్టరాల్, ట్రైగ్లిసరైడులు, చక్కెర, లైపోప్రొటీన్ (ఎ). ఈ చివరిదాని పరిమాణాన్ని ప్రధానంగా తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యువులే నిర్ణయిస్తాయి. పొట్ట చుట్టూ పేరుకొనే కొవ్వు రక్తంలో ట్రైగ్లిసరైడులను, చక్కెరను పెంచుతుంది. అందుచేతనే భారతీయులకు నడుము కొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు మించితే ప్రమాదసూచనగా ఎంచుతారు. బరువు మితంగా ఉన్నవానికి కూడ ఈ హెచ్చరిక వర్తించవచ్చు. జన్యువులను మార్చుకోలేము, ఆహారాన్ని, వ్యాయామాన్ని, పొగాకును గురించిన నిర్ణయం మన చేతిలోనిదే.

కుటుంబంలో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవారుంటే, సన్నగా ఉన్నామనే ధీమాతో పరీక్షను వాయిదా వేయరాదు. ఆయన కాలంలో లేని ఆ అవకాశం నేడు మనకు సమీప పట్టణంలోనే లభిస్తున్నది. దానిని వినియోగించుకొనుటే సుబ్బారావుగారికి మనమర్పించగల నివాళి అని మేము భావిస్తున్నాము.