బ్యాటు పట్టి బ్రతికినవాడు

చదువు మాని బంతి వెంట పరుగెత్తే పిల్లవానిని, ఆటలు కూడు పెడతాయా అని గద్దించడం మన ఇళ్ళలో తరతరాల వాడుక. ఇంగ్లండులో ఒక పేదయింటి పిల్లవానికి ఆటే కూడు పెట్టింది. తరువాత పేరు తెచ్చింది. కడపట ‘సర్’ అనే బిరుదును కూడా సంపాదించి పెట్టింది. అయినా ఆ మనిషి క్రికెట్టును ఘనకార్యమని ఎన్నడూ భావించలేదు. కోటి విద్యలలో తనకు అబ్బిన కూటి విద్యగానే దానిని చూచుకొన్నాడు. ఆయనే జాక్ హాబ్స్.

జాన్ బెర్రీ హాబ్స్ 1882 డిసెంబరు 16న కేంబ్రిడ్జిలో జన్మించాడు. పన్నెండుమంది సంతానంలో జ్యేష్ఠుడు. తండ్రి ఆ విశ్వవిద్యాలయంలోని జీసస్ కళాశాలలో ఆటస్థలం సంరక్షకుడు. సెలవు దినాలలో కళాశాల నౌకర్లతో కలిసి ఈ బాలుడు టెన్నిసు బంతితో, స్టంపునే బ్యాటుగా చేసుకొని ఆడుకొనేవాడు. సన్నని కర్రతో బంతిని కొట్టడం అలవడిన చేతికి వెడల్పాటి బ్యాటు దొరికితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పద్ధతిగా నేర్పిన గురువు లేడు. ఏకలవ్యునికి ద్రోణుని ప్రతిమ ఉన్నట్లు, ఈ కుర్రవానికి కళ్ళెదుట ఒక ఆదర్శం మాత్రం ఉన్నది. సర్రే కౌంటీకీ, ఇంగ్లండుకూ ఆడుతున్న టామ్ హేవర్డ్ ఆ ఊరివాడే.

1902లో తండ్రి మరణించాడు. ఇంటి బరువు పెద్దకొడుకుపై పడింది. ఎస్సెక్స్ కౌంటీ వారు ఇతనిని పరీక్షించి చూడడానికైనా అంగీకరించలేదు. హేవర్డ్ చెప్పిన మాట మీద సర్రే వారు 1903లో చేర్చుకొన్నారు. నిబంధన ప్రకారం రెండేళ్ళు ఆ కౌంటీలో నివసించి, 1905లో బరిలోకి దిగాడు. మొదటి పోటీలో ఎదుటి జట్టు నాయకుడు సాక్షాత్తు డబ్ల్యు. జి. గ్రేస్. ఆ పోటీ రెండవ ఇన్నింగ్స్‌లో హాబ్స్ 88 పరుగులు చేశాడు. తరువాతి పోటీ, కాకతాళీయంగా, ఎస్సెక్స్‌తోనే వచ్చింది. వద్దన్నవారి మీద 155 పరుగులు చేశాడు.

ఆనాటి ఇంగ్లండు క్రికెట్టులో మనం ఊహించలేని ఒక వర్ణవ్యవస్థ ఉండేది. డబ్బు పుచ్చుకోకుండా ఆడే సంపన్నులు జెంటిల్మెన్. కూలికి ఆడేవారు ప్లేయర్స్. ఒకే జట్టులో ఆడుతున్నా ఇరువురికీ దుస్తులు మార్చుకొనే గదులు వేరు. కొన్ని మైదానాలలో లోపలికి నడచివచ్చే ద్వారాలు కూడా వేరు. అచ్చువేసిన జాబితాలో పేర్లు వ్రాసే తీరు సైతం వేరు. నాయకత్వం ఎప్పుడూ మొదటి తెగవారిదే. హాబ్స్ దీనిపై తిరుగుబాటు చేసినవాడు కాడు, తలవంచి కుమిలినవాడూ కాడు. తన పని తాను నిష్ఠతో చేసి, కూలి పుచ్చుకొని, ఇంటికి పోయేవాడు. ఈ అణకువను కొందరు లోపమన్నారు. పన్నెండుమంది పిల్లలున్న ఇంట పెరిగిన జ్యేష్ఠునికి ఉద్యోగం ఎంత విలువైనదో తెలిసిన వారు అలా అనలేరు.

ఆ పనితనం ఎటువంటిదో 1909-10లో దక్షిణాఫ్రికా చూచింది. ఎటు తిరుగుతుందో తెలియని గూగ్లీ బంతులకు తక్కినవారు తడబడుతూ ఉంటే, హాబ్స్ బంతి వదిలే చేతిని చదువుకొని ఐదు టెస్టులలో 539 పరుగులు చేశాడు. 1911-12లో ఆస్ట్రేలియాలో 662. మెల్బోర్నులో విల్ఫ్రెడ్ రోడ్స్‌తో కలిసి తొలి వికెట్టుకు 323 పరుగులు జోడించాడు.

అంతటివానికి ఓడ ప్రయాణమంటే ప్రాణసంకటం, కడుపులో తిప్పేది. అంతకు మించిన బాధ భార్యను విడిచి ఉండడం. 1906లో ఏడాను వివాహమాడాడు, నలుగురు బిడ్డలు. పర్యటన అంటే నెలల తరబడి ఇల్లు విడవడమే. 1924-25లో ఆస్ట్రేలియాకు రమ్మంటే మొదట రానన్నాడు. భార్యను వెంట తీసుకొనిపోవడానికి అనుమతి లభించిన తరువాతనే కదిలాడు. దేశం పిలిస్తే ఇల్లు గుర్తుకు రాకూడదని ఉపన్యసించేవారు ఈ సంగతి చెప్పరు.

మొదటి ప్రపంచయుద్ధం ఆయన వయసులోని మంచి యేండ్లను మింగివేసింది. 1914లో ఆయన సహాయార్థం జరగవలసిన పోటీ కూడా దెబ్బతిన్నది. ఓవల్ మైదానాన్ని సైన్యం తీసుకొన్నందున దానిని లార్డ్స్‌కు మార్చారు, వచ్చినది స్వల్పం. 1919లో సర్రే వారు మరొక పోటీ నిర్వహించారు. ఆ సొమ్ముతో లండనులో ఫ్లీట్ వీధిలో క్రీడాసామగ్రి దుకాణం తెరిచాడు. చెయ్యి ఆడినంత కాలమే ఆట అనీ, ఆ తరువాత కూడా పొయ్యి వెలగాలనీ ఎరిగిన సంసారి ఆయన. ప్రసిద్ధుడైన తరువాత కూడా ఆ అంగడిలో నిలబడి గిరాకీలకు స్వయంగా వస్తువులు అందించేవాడు.

1921లో అపెండిసైటిస్ వచ్చి చావు తప్పి బయటపడ్డాడు. తక్కినవారు బ్యాటు అటకెక్కించే వయసులో ఆయన రెండవ జీవితం మొదలైంది. మొత్తం 197 శతకాలలో 98 నలభై యేండ్లు నిండిన తరువాత చేసినవే! 1925 ఆగస్టులో టాంటన్‌లో ఒకే పోటీలో రెండు శతకాలు చేసి, గ్రేస్ నెలకొల్పిన 126 శతకాల సంఖ్యను మొదట అందుకొన్నాడు, మరునాడే దాటిపోయాడు. దానికి ముందు వారాల తరబడి పత్రికలవారు ఆయన వెంటపడ్డారు. మనశ్శాంతి పోగొట్టిన ఆ సందడి ఆయనకు రుచించలేదు. ఎందుకంటే అంకెలమీద ఆయనకు మోజు లేదు. నూరు దాటిన తరువాత చాలాసార్లు తానే వికెట్టు వదిలివేసేవాడు. వెనుక బ్యాటు పట్టుకొని కూర్చున్న వృత్తి ఆటగాళ్ళకు కూడా పరుగులు కావాలి. వారి బ్రతుకు కూడా వాటిమీదనే గదా! 1926లో ఓవల్‌లో, వాన తడిపిన పిచ్చిమీద, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌తో కలిసి 172 పరుగులు జోడించి తాను సరిగ్గా నూరు చేసి వెనుదిరగడం మాత్రం వేరు సంగతి. నిపుణులు ఆయన ఆటలలో మేటిగా దానినే ఎంచుతారు. ఆ వేసవిలోనే మాంచెస్టరులో నాయకుడు కార్ జబ్బు పడగా, ఇష్టం లేకపోయినా హాబ్స్ ఇంగ్లండు జట్టును నడిపాడు.

మన తెలుగువారికి ఆయనతో ఒక సంబంధం ఉన్నది. 1930లో శాసనోల్లంఘనోద్యమం కారణంగా ఎం.సి.సి. భారత పర్యటన రద్దుకాగా, విజ్జీగా ప్రసిద్ధుడైన విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతిరాజు సొంత జట్టు కట్టి, హాబ్స్‌నూ సట్‌క్లిఫ్‌నూ రప్పించాడు. ఆ శీతకాలంలో వారు భారతదేశంలోనూ, సింహళంలోనూ ఆడారు. దైవభక్తుడైన హాబ్స్ ఆదివారం ఆడడానికి ఇష్టపడలేదు. ఆ పర్యటనలో చేసిన రెండు శతకాలను కలిపి కొందరు లెక్కలవారు ఆయన శతకాలు 199 అన్నారు. హాబ్స్ మాత్రం అవి మొదటి తరగతి పోటీలు కావని, 197తోనే సరిపెట్టుకొన్నాడు.

ఆయన జీవితంలో నాకు నచ్చని ఘట్టం ఒకటి ఉన్నది. 1932లో ఓవల్‌లో బోస్ అనే బౌలరు శరీరంమీదికి ఎగిరే బంతులు విసరగా, హాబ్స్ పిచ్చిమీద ముందుకు నడచివచ్చి నిరసన తెలిపాడు. కాని కొద్దినెలల తరువాత ఆస్ట్రేలియాలో లార్‌వుడ్ అటువంటి బంతులే విసురుతూ ఉంటే, పత్రికలవారి తరపున వెళ్ళిన హాబ్స్ గట్టిగా విమర్శించలేదు. తిరిగి వచ్చిన తరువాతనే ఖండించాడు. తోటి వృత్తివారిని నొప్పించలేని మొగమాటం అందుకు కారణం కావచ్చు. అయినా ఆయన మాటకు అప్పుడే విలువ ఎక్కువ.

1934 వేసవితో ఆట చాలించాడు. 61,237 పరుగులు వెనుక మిగిలాయి. 1953లో ‘సర్’ బిరుదు వచ్చినప్పుడు స్వీకరించడానికి వెనుకాడాడు. వృత్తి క్రికెట్టు ఆటగాళ్ళలో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. 1962 నవంబరులో జెంటిల్మెన్, ప్లేయర్స్ అనే విభజనను ఇంగ్లండు రద్దు చేసింది. అప్పటికి హాబ్స్ ఎనభైయవ యేటికి చేరువలో ఉన్నాడు. జబ్బుపడిన భార్యకు సేవ చేయడమే ఆయన నిత్యకృత్యం. 1963 మార్చిలో ఏడా కన్నుమూసింది. ఆ డిసెంబరు 21న, ఎనభై ఒక్క యేండ్లు నిండిన ఐదు రోజులకు, సముద్రతీరాన ఉన్న హోవ్ పట్టణంలో హాబ్స్ కూడా ఆమెను అనుసరించాడు.