రాజ్యం పోయాక వచ్చిన అధికారం

పార్లమెంటు వార్తలు రాయడం వృత్తిగా గల నాకు పాత లోక్‌సభ సభ్యుల జాబితాలు తిరగవేయడం ఒక వ్యసనం. ఆ మధ్య అలా తిరగవేస్తూ బస్తర్ దగ్గర ఆగాను. 1957లో కాంగ్రెసు గెలుచుకున్న ఆ స్థానం 1962లో స్వతంత్ర అభ్యర్థి లఖ్ము భవానికి దక్కింది. దేశమంతటా నెహ్రూగారి మాటకు ఎదురులేని రోజులవి. ఆ ఐదేళ్లలో ఆ అడవి జిల్లాలో ఏమి జరిగిందో తెలియాలంటే ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ జీవితాన్ని తెలుసుకోవాలి.

ఆయన మనకు బొత్తిగా పరాయివాడు కాడు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్లి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ సంప్రదాయం. ప్రవీర్ తల్లి మహారాణి ప్రఫుల్ల కుమారీ దేవి ఆ వంశానికి చెందినది. తండ్రిది ఒరిస్సాలోని మయూర్‌భంజ్ రాజకుటుంబం. భంజ్ దేవ్ అన్న పేరు తండ్రి వైపు నుంచి, కాకతీయుడనే ప్రతిష్ఠ తల్లి వైపు నుంచి వచ్చాయి.

ప్రవీర్ 1929 జూన్ 25న జన్మించాడు. 1936లో తల్లి లండన్‌లో శస్త్రచికిత్స సందర్భంలో మరణించగా, ఏడేళ్లయినా నిండని బాలుడు సింహాసనానికి వారసుడయ్యాడు. బ్రిటిష్ ప్రభుత్వం తండ్రిని దూరంగా ఉంచి, పిల్లల పెంపకాన్ని తన చేతిలోకి తీసుకున్నది. రాయపూర్‌లోని రాజకుమార్ కళాశాలలో చదువు సాగింది. ఏ ప్రజలకు రాజో ఆ ప్రజలకు దూరంగా, సంరక్షకుల నీడలో గడచిన బాల్యమది.

1947లో పూర్తి అధికారాలు చేతికి వచ్చే నాటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. అనుభవించడానికి వ్యవధి మాత్రం దొరకలేదు. బస్తర్ ఖనిజసంపదను దీర్ఘకాలపు కౌలు మీద హైదరాబాదు సంస్థానానికి అప్పగించే ప్రయత్నాలు సాగుతున్నాయన్న సమాచారం సర్దార్ పటేల్‌ను కలవరపెట్టిందని వి. పి. మీనన్ తన గ్రంథంలో రాశారు. 1948 జనవరి 1న బస్తర్ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో విలీనమైంది. కేరళ కంటె విశాలమైన ప్రాంతం ఒక జిల్లాగా మారింది. రాజుకు మిగిలినవి భరణం, బిరుదు, జగదల్‌పూర్ కోట.

అయితే విలీన పత్రంలో చేరని పదవి ఒకటున్నది. బస్తర్ రాజు దంతేశ్వరీ దేవికి ప్రథమ అర్చకుడు. డెబ్బై ఐదు రోజులు సాగే అక్కడి దసరా ఆయన లేనిదే పూర్తి కాదు. ఊరూరి దేవతలు ఆ పండుగకు జగదల్‌పూర్ చేరేవి. వాటితో పాటే ఊరూరి ఫిర్యాదులూ చేరేవి. జిల్లా కార్యాలయం గడప తొక్కడానికి జంకే ఆదివాసి కోట వాకిట నిలబడి తన గోడు చెప్పుకునేవాడు. ప్రవీర్ రాజకీయ జీవితానికి పునాది అక్కడ పడింది.

1953లో ప్రభుత్వం ఆయన ఆస్తిని నిర్వహించుకునే సమర్థత ఆయనకు లేదని నిర్ణయించి, దానిని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ఆధీనంలో ఉంచింది. నాలుగేళ్లు తిరగకుండానే, 1957లో కాంగ్రెసు ఆయనకు టిక్కెట్టు ఇచ్చి జగదల్‌పూర్ నుంచి శాసనసభకు పంపింది. ఆస్తి విషయంలో అసమర్థుడైన వ్యక్తి ఓట్ల విషయంలో సమర్థుడెలా అయ్యాడన్న ప్రశ్నకు పాలకపక్షం వద్ద సమాధానం ఉండి ఉండదు. ఈ పొత్తు రెండేళ్లే నిలిచింది. 1959లో ఆయన శాసనసభ్యత్వానికి రాజీనామా చేశాడు.

బస్తర్ శరవేగంతో మారుతున్న కాలమది. 1958లో తూర్పు బెంగాల్ కాందిశీకుల కోసం దండకారణ్య పథకం మొదలైంది. 1960లో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి ఒప్పందం కుదిరింది. అడవి మీద హక్కులు ఎవరివన్న ప్రశ్న రాజుగారి సొంత మనోవ్యథతో ముడిపడింది. ఆయన పోరాటంలో పోయిన ఆస్తి కోసం ఆరాటం ఎంత, ఆదివాసుల కోసం ఆవేదన ఎంత అని వేరుచేసి తూచడం కష్టం. ఆయనను నిస్వార్థ త్యాగిగా చిత్రించడం సత్యదూరమే. కాని ఆదివాసులకు మరో గొంతు ఎక్కడున్నది?

1961 ఫిబ్రవరిలో ఆయనను నిర్బంధంలోకి తీసుకున్నారు. రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా పాలకునిగా గుర్తింపును రద్దుచేసి, తమ్ముడు విజయ్ చంద్రకు ఇచ్చారు. రాజ్యాంగంలోని 366వ అధికరణం ఢిల్లీకి ఆ అధికారం ఇచ్చింది. మార్చి 31న లోహండీగుడాలో గుమిగూడిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు, పలువురు మరణించారు. మరుసటి ఏడు ఎన్నికల్లో ప్రవీర్ మద్దతు పొందిన అభ్యర్థులు జిల్లాలోని అధిక స్థానాలను గెలుచుకున్నారు. గెజెట్‌లో పోయిన రాచరికం బ్యాలెట్ పెట్టెలో తిరిగి వచ్చింది. మామూలు రాజును ప్రజానాయకుని చేసినది, నా దృష్టిలో, ప్రభుత్వమే.

ఆ తరువాత కరవు, లెవీ ధాన్యం వసూళ్లు వచ్చాయి. కోటకూ కలెక్టరుకూ మధ్య దూరం పెరిగింది. 1966 మార్చి 25న జగదల్‌పూర్ కోటలో పోలీసు కాల్పులకు ప్రవీర్ బలి అయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఆరు. మృతులు ఆయనతో కలిపి పన్నెండుగురని అధికార లెక్క. అంతకు చాలా ఎక్కువని స్థానికుల నమ్మకం. ద్వారకా ప్రసాద్ మిశ్రా ముఖ్యమంత్రిగా ఉన్న మధ్యప్రదేశ్ ప్రభుత్వం జస్టిస్ కె. ఎల్. పాండే చేత విచారణ జరిపించింది.

1971లో 26వ రాజ్యాంగ సవరణతో పార్లమెంటు రాజులందరి గుర్తింపునూ రద్దుచేసింది. తక్కిన సంస్థానాల్లో ఆ మార్పు ఒక కలంపోటుతో ముగిసింది. బస్తర్‌లో మాత్రం అంతకు ముందే తుపాకితో ముగిసింది. 1980 ప్రాంతంలో మన తెలంగాణ నుంచి సాయుధ దళాలు అదే గోదావరి దాటి ఆ అడవిలో అడుగుపెట్టే నాటికి, ఆదివాసి గోడు వినే కోట వాకిలి మూతపడి పద్నాలుగేళ్లయింది. ఆ ఖాళీని కచేరీలు నింపి ఉంటే తరువాతి చరిత్ర వేరుగా ఉండేదేమో. తనకు నచ్చని ప్రతినిధిని తొలగించడం ఢిల్లీకి ఎప్పుడూ సులభమే. అతని వెనుక నిలబడిన ప్రజలకు మరొక ప్రతినిధిని కల్పించడం దాని చేతిలో లేదు.