చిట్టాకెక్కని సాహసము : సార్జెంటు హెన్రీ జాన్సన్ జీవితము

లోకమున సాహసము చేయువాడొకడు. దానిని కాగితముమీద పెట్టువాడు వేఱొకడు. ఈ రెండవవాడు ఏమఱినచో మొదటివాని కష్టమంతయు గాలిలో కలిసిపోవును. కరణముల కాలమున లెక్కలో పేరు తప్పిన రైతు, తాతల నాటినుండి తాను దున్నుకొనుచున్న పొలము తనదేయని రుజువు చేసికొనుటకు కచ్చేరీల చుట్టు ఎన్నిమార్లు తిరుగవలసి వచ్చెనో మన పెద్దలెఱుగుదురు. అమెరికా దేశమున ఒక సిపాయికి ఇట్టి గతియే పట్టెను. యుద్ధములో ఆయన రక్తము కార్చిన సంగతి ఆనాటి పత్రికలు చదివినవారికెల్ల తెలియును. ఆయన సైన్యపు చిట్టాలో మాత్రము అది లేదు. ఆ చిట్టా పూర్తిగా దిద్దబడుటకు 97 సంవత్సరములు పట్టెను. ఆ సిపాయి పేరు హెన్రీ జాన్సన్.

జాన్సన్ సుమారు 1892వ సంవత్సరమున ఉత్తర కరోలినా రాష్ట్రమందలి విన్‌స్టన్ సేలమ్ పట్టణమున నల్లజాతి కుటుంబములో జన్మించెను. పుట్టినతేదీ ఒక్కొక్క కాగితములో ఒక్కొక్క విధముగా నున్నది. పేదల పుట్టుకలు శ్రద్ధగా వ్రాసి యుంచెడివారు ఆ కాలమున అరుదు. చిన్నవయసుననే ఆయన న్యూయార్కు రాష్ట్రపు ముఖ్యపట్టణమైన ఆల్బనీ చేరి, బొగ్గుల అడితిలో కూలిపని, బండి తోలుట మొదలగు పనులు చేసి, తుదకు అచ్చటి రైల్వేస్టేషనులో సామానులు మోయు కూలీగా కుదురుకొనెను. మన స్టేషనులలోని కూలీలకు ఎఱ్ఱచొక్కా గుర్తయినట్లు అచ్చటివారికి ఎఱ్ఱటోపీ గుర్తు. మనిషి పొట్టి, అయిదడుగుల నాలుగంగుళములు మాత్రమే. బరువు 130 పౌనులు.

1917 ఏప్రిలులో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధమున ప్రవేశించెను. ఆ జూన్ 5వ తేదీన జాన్సన్ న్యూయార్కు 15వ పటాలములో చేరెను. అది నల్లజాతివారికై ప్రత్యేకించిన పటాలము. పిమ్మట దానికే 369వ పదాతి రెజిమెంటని పేరు వచ్చెను. అమెరికా సైన్యమున నాడు తెల్లవారికి వేఱు పటాలములు, నల్లవారికి వేఱు పటాలములు. 369వ రెజిమెంటువారు ఫ్రాన్సు చేరిన తరువాత కొన్నాళ్ళు వారికి తుపాకి పట్టు పని ఇయ్యక, ఓడలనుండి సరకు దింపుటయు, దారులు వేయుటయు అప్పగించిరి. పిమ్మట అమెరికా సేనాధిపతి జనరల్ పెర్షింగ్ ఆ రెజిమెంటును ఫ్రెంచి సైన్యమునకు అప్పగించెను. ఫ్రెంచివారు వారికి తమ తుపాకులను, తమ ఇనుపటోపీలను ఇచ్చి, తమ సిపాయిలతో సమానముగ యుద్ధరంగమున నిలిపిరి. మొత్తము 191 దినములు ఆ రెజిమెంటు యుద్ధముఖమున నిలిచెను. అమెరికా రెజిమెంటులలో మఱేదియు అంతకాలము నిలువలేదు.

1918 మే 14వ తేదీ రాత్రి, తెల్లవారిన 15వ తేదీ. షాంపేన్ ప్రాంతమున ఆర్గాన్ అడవి అంచున, ముందువరుస కందకములకును అవతల ఒక చిన్న కాపలా స్థావరమున జాన్సనును, నీధామ్ రాబర్ట్సు అను మఱొక సిపాయియు కావలి కాయుచుండిరి. రాత్రి రెండుగంటల ప్రాంతమున ముళ్ళతీగను కత్తిరించు చప్పుడు వినవచ్చెను. జర్మనుల దాడి దళము చీకటిలో ప్రాకుచు వచ్చుచుండెను. అమెరికా ప్రభుత్వపు వ్రాతనుబట్టి వారు కనీసము 12 మంది; ఆనాటి పత్రికలు అంతకు రెట్టింపు వ్రాసినవి. మొదటి చేతిబాంబులకే రాబర్ట్సు తీవ్రముగా గాయపడి కూలెను. లేవలేని స్థితిలోనే అతడు బాంబులు అందించుచుండగా జాన్సన్ విసరుచుండెను. బాంబులయిపోయినవి. తుపాకి అందుకొనెను. ఫ్రెంచి తుపాకిలో అమెరికా తూటాలు ఇఱుకుకొని అదియు పనిచేయలేదు. దానినే దుడ్డుకఱ్ఱగా త్రిప్పి, మడమ విఱుగువఱకు మోదెను.

అంతలో ఇద్దఱు జర్మనులు రాబర్ట్సును బందీగా మోసికొనిపోవుట ఆయన చూచెను. మొలలోని బోలోకత్తి దూసెను. అది మన వేటకత్తివలె బరువైన కత్తి. దానితో మీదపడి మిత్రుని విడిపించెను. సహాయదళము వచ్చుచున్న అలికిడి విని శత్రువులు వెనుదీసిరి. అప్పుడు తెలివి తప్పి పడిన జాన్సను శరీరముమీద 21 గాయములుండెను. ఎడమపాదము ఎముకలు నుగ్గయినవి. నలుగురు జర్మనులు మరణించిరి. గాయపడినవారు అంతకు మిక్కిలి. బందీలుగా పట్టువడి ఉండినచో వారినుండి శత్రువు రాబట్టదలచిన రహస్యమేదియు బయటికి పోలేదు.

ఫ్రెంచివారు ఆలస్యము చేయలేదు. ఆ ఇద్దఱికిని తమ యుద్ధ శిలువ పతకమును ఇచ్చిరి. జాన్సను పతకమునకు బంగరు ఈతమట్టగుర్తు కూడ చేర్చిరి. ఆ యుద్ధమున ఫ్రెంచివారి ఈ గౌరవము మొదట పొందిన అమెరికా సిపాయిలలో వీరును ఉండిరి. 1919 ఫిబ్రవరి 17వ తేదీన రెజిమెంటు న్యూయార్కు వీధులలో ఊరేగినపుడు, నడువలేని జాన్సనును పైకప్పులేని కారులో నిలిపిరి. లక్షలాది జనము ఆయన పేరు పిలిచి జేజేలు పలికిరి. సైన్యమువారు ఆయన బొమ్మను తమ ప్రచారపత్రములపై అచ్చువేసికొనిరి. 1928లో థియొడోర్ రూజ్‌వెల్టు కుమారుడు తన గ్రంథమున ఆ యుద్ధపు అయిదుగురు మహావీరులలో జాన్సనును చేర్చెను.

ఇంత జరిగినను స్వదేశము ఆయనకు ఒక్క పతకమైనను ఇయ్యలేదు. ఇందుకు కారణములు రెండు. ఫ్రెంచి సేనానుల క్రింద పోరాడినందున వారి సాహసములు ఫ్రెంచివారి కాగితములకెక్కినవి. అమెరికా దొరలు తమవైపు సిఫారసు వ్రాయలేదు. రెండవది చర్మపు రంగు. ఆ యుద్ధ కాలమున నల్లజాతి సిపాయికెవ్వనికిని అమెరికా తన అత్యున్నత వీరపతకమును ఇచ్చి యుండలేదు. ఇంతకన్న విచారింపదగినది మఱొకటి కలదు. సైన్యమునుండి విడుదల చేయుచు ఆయన చేతికిచ్చిన డిశ్చార్జి పత్రములో 21 గాయములలో ఒక్కటియు వ్రాయబడలేదు. ఇట్టి లోపము వలననే గాయములకు రావలసిన భృతి ఆయనకు నిరాకరింపబడినదని సైనిక చరిత్రకారులు చెప్పుదురు. దేశమంతయు ఆయన గాయములనుగూర్చి చదివెను. కచ్చేరీ బల్లముందు మాత్రము ఆయన గాయపడనివాడు!

కొన్నాళ్ళు ఆయనను సభలకు పిలిచి మాటలాడించిరి. 1919లో సెయింట్ లూయీ నగరమున, తెల్లసిపాయిలు నల్లసిపాయిలయెడ చూపిన అవమానములను దాపరికము లేక చెప్పెను. ఆ మీదట పిలుపులు తగ్గినవి. పాదము చెడుటచే స్టేషనులో బరువులు మోయు పాతపని సాగలేదు. సంసారము విచ్ఛిన్నమయ్యెను. క్షయవ్యాధి పట్టుకొనెను. చాలకాలమునకు బయటపడిన కాగితములనుబట్టి, 1927లో ఆ వ్యాధి కారణముగా ఆయనను పూర్తి అశక్తునిగా పరిగణించి నెలభృతి ఇచ్చినట్లు తెలియుచున్నది. యుద్ధగాయముల ప్రసక్తి దానిలోను లేదు. 1929 జులై 1వ తేదీన వాషింగ్టన్ నగరమున ఆయన కన్నుమూసెను. వయస్సు నలువదికి లోపలనే.

కాగితములు చనిపోయినవానిని కూడ విడువలేదు. ఆయనను అనాథలను పూడ్చు నేలలో పూడ్చిరని ఆల్బనీలో అందఱును నమ్మిరి. నిజమునకు సైనికమర్యాదలతో ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలోనే ఆయన సమాధి యుండెను. సైన్యమున ఆయన పూర్తిపేరు విలియమ్ హెన్రీ జాన్సన్. సమాధుల పట్టీలో ఆ పేరే యుండుటచే ఎవ్వరును గుర్తింపలేదు. 2001వ సంవత్సరమునగాని న్యూయార్కు రాష్ట్రపు సైనిక చరిత్రకారులు ఆ సంగతి కనుగొనలేదు.

యుద్ధమున గాయపడినవారికిచ్చు పర్పుల్ హార్టు పతకమును అమెరికా 1932లో పునరుద్ధరించెను. అప్పటికి జాన్సన్ గతించి మూడేండ్లు. ఆయన పక్షమున అడుగువారు లేరు. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట ఆల్బనీలోని మాజీ సైనికులు కొందఱు ఈ అన్యాయమును చేతికెత్తుకొనిరి. 1991లో ఆ ఊర ఆయన స్మారకచిహ్నము నిలిచెను; ఒక వీధికి ఆయన పేరు వచ్చెను. 1996లో పర్పుల్ హార్టు ఇయ్యబడెను. అనగా, ఆయన గాయపడినాడని ప్రభుత్వము ఒప్పుకొనుటకు 78 ఏండ్లు! 2002లో రెండవ శ్రేణి వీరపతకము లభించెను. అత్యున్నత పతకమునకు మాత్రము తగిన సాక్ష్యపత్రములు లేవని చెప్పి త్రోసివేసిరి.

ఇచ్చట ఒక చిక్కు గ్రహింపవలెను. ఆ పతకమునకు పై అధికారి సిఫారసు కావలెను. ఆ కాలపు సాక్ష్యము కావలెను. అదియు గడువు లోపల రావలెను. సిఫారసు చేయవలసినవారు, కన్నులార చూచినవారు అందఱును మట్టిలో కలిసిరి. ఇక మిగిలినవి పాతకాగితములే. సెనేటరు షూమర్ కార్యాలయమువారు ఆ పాతకాగితములను జల్లెడపట్టగా, పోరు జరిగిన కొలది దినములకే, 1918 మే 20వ తేదీతో జనరల్ పెర్షింగ్ పంపిన వార్తాపత్రమొకటి దొరికెను. అందు జాన్సన్, రాబర్ట్సుల సాహసము స్పష్టముగ వ్రాసియుండెను. సేనాధిపతి మాటకన్న పెద్ద సాక్ష్యమేమి కావలెను? మఱికొన్ని ఆధారములను చేర్చి, వేయిపుటలకు మించిన అర్జీని సమర్పించిరి. అమెరికా శాసనసభ ప్రత్యేకముగ గడువు సడలించెను. 2015 జూన్ 2వ తేదీన అధ్యక్షుడు ఒబామా, హెన్రీ జాన్సనునకు మెడల్ ఆఫ్ ఆనర్ ప్రకటించెను.

ఆనాడు దానిని అందుకొనుటకు రక్తసంబంధి ఒక్కడును లేడు. తాను జాన్సను కుమారుడనని నమ్మి, ఆ గౌరవముకొఱకు ఏండ్ల తరబడి పోరాడిన వృద్ధ వైమానిక సైనికుడొకడు 2004లోనే మరణించెను. ఆయనకు జాన్సనుతో బంధుత్వము లేదని పిమ్మట సైన్యము జరిపిన వంశపరిశోధనలో తేలెను. తనది కాని తండ్రికొఱకు ఆ పెద్దమనిషి పడిన శ్రమ మాత్రము వ్యర్థము కాలేదు. న్యూయార్కు జాతీయ రక్షకదళపు అధికారి ఒకరు పతకమందుకొనిరి. 2023లో లూయిజియానా రాష్ట్రమందలి పోల్కు సైనిక స్థావరమునకు జాన్సను పేరు పెట్టిరి. 2025లో ఆ పేరు తీసి పాతపేరునే మఱల పెట్టిరి. దిద్దిన చిట్టా మాత్రము అట్లే నిలిచియున్నది.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఈ దూరదేశపు కథ యేల యని చదువరులు శంకింపవచ్చును. జాన్సనునకు న్యాయము చేకూర్చినవి బీరువాలలో భద్రపడియున్న పాతపత్రికలు, ఉత్తరములు, ఉత్తర్వులు. వానిని దాచినవారు ఎవరికొఱకు దాచుచున్నారో వారికే తెలియదు. మన తెలుగునాటినుండియు రెండు ప్రపంచ యుద్ధములకు ఎందఱో పోయిరి. పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరము సైనికుల గ్రామమనియే పేరు పొందెను. అట్టివారి డిశ్చార్జి పత్రములు, పతకములు, ఫోటోలు నేటికిని ఏ యింటి ట్రంకుపెట్టెలోనో చెదలుపట్టుచుండవచ్చును. వానిని వెలికి తీసి, తేదీలు సరిచూచి, నకళ్ళు వ్రాయించి గ్రంథాలయమునకు ఇచ్చుట ప్రతి కుటుంబమునకును సాధ్యమైన పని. పెద్దలు జీవించియుండగనే వారి నోట విని వ్రాసికొనుట మఱియు మేలు. జాన్సనునకు ఈ పని ఆయన జీవితకాలముననే జరిగి యుండినచో, ఆ పతకము ఆయన ఱొమ్ముమీదనే వెలిగెడిది.