గుండెకు దారి చూపిన మనిషి

బోనకల్‌లో రైలెక్కి నర్సింగు చదువుకొచ్చినదాన్ని. మెడలోంచి గుండె దాకా వేసిన గొట్టం మొదటిసారి చూసి చేతులు వణికాయి. దాని వెనక ఒక జీవితం ఉందని తర్వాత తెలిసింది.

వెర్నర్ ఫోర్స్‌మన్ 1904లో బెర్లిన్‌లో జన్మించాడు. 1929లో ఎబర్స్‌వాల్డె ఆస్పత్రిలో కుర్ర డాక్టరు. చేతి సిర గుండా గుండెకు గొట్టం పంపుతానంటే పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు. శుభ్రపరచిన పరికరాల తాళంచెవి నర్సు గెర్డా డిట్సెన్ దగ్గర ఉండేది. తనమీదే ప్రయోగం చెయ్యమని ఆమె ముందుకొచ్చింది. అతను ఆమెను బల్లకు కట్టేసి, గొట్టం తన ఎడమ చేతిలోకే ఎక్కించుకున్నాడు. ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, అది గుండెకు చేరిందని ఫోటోతో రుజువు చేశాడు. మెప్పు దక్కలేదు. మూత్రకోశ వైద్యం పట్టాడు. నాజీ పార్టీలో చేరాడు, ఆ మచ్చ దాచలేం. 1956లో మరిద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1979లో కన్నుమూశాడు.

గుండెకు దారి తెరిస్తే క్రిములకూ తెరిచినట్టే. ఒకరోజు చేతులు కడక్కుండానే గొట్టం మూత విప్పబోయాను. సీనియర్ సిస్టర్ నా మణికట్టు పట్టుకుని ఆపింది. చేతులు కడగాలి, మూత తీసేచోట స్పిరిటుతో బాగా రుద్దాలి, తడిసిన కట్టు మార్చాలి, అక్కర తీరిన గొట్టం తీసేయమని డాక్టరుకు గుర్తుచెయ్యాలి. ఇంతే పని. మరిస్తే రక్తమే విషమౌతుంది. మా ఊరివాళ్ళు అప్పుచేసి ఆ మంచం దాకా వస్తారు. నాటి తాళంచెవి ఇప్పటికీ నర్సు చేతిలోనే ఉంది.