చిగుళ్ల మందు వెనక మన యల్లాప్రగడ

పళ్లు తోముకుంటున్నప్పుడు నెత్తురు కనిపిస్తే మీరేం చేస్తారు? చాలామంది పేస్టు మారుస్తారు. ఏళ్లు గడిచేసరికి చిగురు పంటిని వదిలేసి మధ్యలో గుంట పడుతుంది. ఐదు మిల్లీమీటర్లు, అంతకు మించి లోతున్న గుంటలో డెంటిస్టు గార తీశాక మినోసైక్లిన్ పొడో, డాక్సీసైక్లిన్ జెల్లో పెడుతుంటారు. రెండూ టెట్రాసైక్లిన్ కుటుంబానివే. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. అది పుట్టిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసరుకు కంటగింపయ్యారు. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు సోదరులు రోజుల తేడాలో స్ప్రూతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గి మనిషి చిక్కిపోయే పేగు జబ్బు అది.

1923లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిళ్లు చిల్లర పనులు చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ గుట్టు విప్పినవాళ్లలో ఆయన ఒకరు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీకి మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. సోదరులను మింగిన స్ప్రూకి అది మందైంది, కాకపోతే పాతికేళ్లు ఆలస్యంగా.

ఆయన ప్రోత్సాహంతోనే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త ఊరూరి మట్టి తెప్పించి జల్లెడ పట్టారు. మిస్సోరి మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. 1948 జులైలో ఆరియోమైసిన్ సంగతి వెల్లడైంది. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. ఇక్కడున్న భార్య శేషగిరి ఆయన్ని మళ్లీ చూడనేలేదు.

1979లో మాక్స్ గుడ్‌సన్, అదే బోస్టన్‌లో, టెట్రాసైక్లిన్ నింపిన సన్నటి పోగులను చిగుళ్ల గుంటల్లో పెట్టి చూశారు. మాత్ర మింగితే మందు ఒళ్లంతా పాకుతుంది. గుంటలోనే పెడితే మోతాదు తక్కువ, అక్కడి గాఢత ఎక్కువ. ఈ మందులు క్రిములను అణచడమే కాదు, చిగురు కణజాలాన్ని కరిగించే ఎంజైమ్‌లకూ పగ్గం వేస్తాయి.

అలాగని మహిమలు ఆశించకండి. గార కింద క్రిములు జిగురుపొరలో దాక్కుంటాయి. శుభ్రంగా గీకకుండా పెట్టిన మందు దండగే. గీకాక పెట్టినా గుంట లోతు అదనంగా తగ్గేది మిల్లీమీటరులో కొంత భాగమే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టెట్రాసైక్లిన్ పడనివాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. మినోసైక్లిన్ పొడి పెట్టించుకుంటే ఆ పూట అక్కడ బ్రష్ పెట్టకండి. వారం రోజులు జంతికల జోలికి, పది రోజులు పళ్ల సందుల్లో పుల్లలు, దారాల జోలికి పోకండి.