కాలిన చేతిలో 44

ఎలుగుబంట్లు తిరిగే అడవికి వెళ్తూ నడుముకి ఒక రివాల్వర్ కట్టుకోవాలంటే ఏది కట్టుకోవాలి? అమెరికాలో మోంటానా, ఐడహో, అలాస్కా వైపు ఈ వాదన తరాలుగా నడుస్తూనే ఉంది. మనకి గేమ్స్‌లో అయితే ఇది చాలా ఈజీ. డ్యామేజ్, రేంజ్, రీలోడ్ అని మూడు గీతలు కనిపిస్తాయి, ఏది పొడుగ్గా ఉంటే దాన్ని తీసుకుంటాం. నిజం అడవిలో ఆ గీతలు ఉండవు. అక్కడ చాలామంది చెప్పే జవాబు 44 మాగ్నమ్. ఆ జవాబు వెనక ఎల్మర్ కీత్ అనే ఒక మనిషి జీవితం ఉంది. తుపాకుల గురించి చదివేవాళ్ళలో ఆ పేరు తెలియనివాళ్ళు తక్కువ. మిగతావాళ్ళం పేరు వినకపోయినా ఆయన పట్టుబట్టి చేయించిన వస్తువుని సినిమాలో చూసే ఉంటాం. 1971లో వచ్చిన డర్టీ హ్యారీలో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో ఉండేది ఆ 44 మాగ్నమే.

కీత్ 1899 మార్చి 8న మిస్సోరి రాష్ట్రంలో, హార్డిన్ అనే ఊళ్ళో పుట్టాడు. తర్వాత కుటుంబం మోంటానాకి మారింది. పన్నెండేళ్ళ వయసులో మిసౌలా పట్టణంలో వాళ్ళు ఉన్న బిల్డింగ్ తగలబడింది. పిల్లాడి ఒళ్ళు ఘోరంగా కాలిపోయింది. ఎడమ చెయ్యి మణికట్టు మీదకి వెనక్కి మడుచుకుపోయి అలాగే బిగిసిపోయింది. డాక్టర్లు దాన్ని ముట్టుకోనన్నారని, చివరికి ఇంట్లోనే తండ్రి చేత ఆ చెయ్యి విరిపించుకుని, చెక్కకి కట్టించుకుని, తిన్నగా చేయించుకున్నానని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. అది చదివాక నేను కాసేపు ముందుకి వెళ్ళలేకపోయాను. మత్తుమందు లేకుండా, కన్నతండ్రి చేతుల మీదుగా! ఆ చేత్తోనే ఆయన తర్వాత జీవితమంతా తుపాకులు పట్టుకున్నాడు.

పెద్దయ్యాక కీత్ పశువుల కాపరిగా, గుర్రాల మీద సామాన్లు మోయించే మనిషిగా, వేటగాళ్ళకి గైడ్‌గా పనిచేశాడు. ఒరెగాన్‌లో కొన్నాళ్ళు, ఆ తర్వాత ఐడహోలో సామన్ నది ప్రాంతంలో ఉన్నాడు. ఈ పనులు చేసేవాడికి రివాల్వర్ ఎందుకో అర్థం కావాలంటే ఒక సీన్ ఊహించుకోండి. జింకని కొట్టారు, మాంసం కోస్తున్నారు. రెండు చేతులూ రక్తంలో ఉన్నాయి, రైఫిల్ పది అడుగుల దూరంలో చెట్టుకి ఆనించి ఉంది. ఆ వాసనకి ఎలుగుబంటి వచ్చింది. గ్రిజ్లీ గంటకి 50 కిలోమీటర్లకి పైగా వేగంతో పరిగెత్తగలదు. అంటే 30 మీటర్ల దూరం దానికి రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లలో రైఫిల్ దగ్గరికి వెళ్ళి రాలేం. నడుముకి ఉన్నదే ఉన్నట్టు లెక్క.

అయితే ఆ రోజుల్లో నడుముకి కట్టుకోగలిగిన రివాల్వర్లకి అంత సత్తా లేదు. కీత్‌కి అలవాటైనది పాత 45 కోల్ట్. దానిలో మామూలు కంటే బరువైన గుండు, ఎక్కువ మందు దట్టించి చూసేవాడు. 1925 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, సంబరంగా గాల్లోకి పేలుస్తుంటే రివాల్వర్ చేతిలోనే పగిలింది. సిలిండర్ పైభాగం ఎగిరిపోయింది. ఇంకొకరైతే అక్కడితో బుద్ధిగా ఊరుకునేవాళ్ళు. ఈయన మాత్రం ఎందుకు పగిలిందో ఆలోచించి 44 స్పెషల్‌కి మారాడు. కారణం సింపుల్. సిలిండర్ సైజు అదే, కానీ అందులో తొలిచే ఆరు రంధ్రాలు కొంచెం సన్నం. రంధ్రం సన్నబడితే గోడలో ఉక్కు మిగులుతుంది, ఉక్కు మిగిలితే ఒత్తిడి తట్టుకుంటుంది. (ఇంకో తమాషా, 44 అని పేరే గానీ గుండు అసలు వెడల్పు 0.429 అంగుళమే. వేరియబుల్స్‌కి పేర్లు పెట్టడంలో మనమే కాదు, వాళ్ళూ అంతే.)

గుండు ఆకారం కూడా ఆయనే గీశాడు. ముక్కు కోసుగా కాకుండా చదునుగా ఉంటుంది, దాని వెనక పదునైన అంచు. బరువు 250 గ్రెయిన్లు, అంటే 16 గ్రాములు. ఇది ఎలుగుబంటి విషయంలో చాలా ముఖ్యం. దేహంలోకి వెళ్ళగానే విచ్చుకునే గుండు మనుషుల మీద పనిచేస్తుందేమో గానీ, దట్టమైన కొవ్వూ కండా ఎముకా దాటి లోపలికి పోవాలంటే బరువుగా, గట్టిగా, చదునుగా ఉన్నదే కావాలి. 1920ల చివర్లో హెరాల్డ్ క్రాఫ్ట్ అనే ఆయన ఫిలడెల్ఫియా నుంచి రివాల్వర్లు పెట్టెలో పెట్టుకుని కీత్ రాంచ్‌కి వచ్చాడు. ఇద్దరి ఆలోచనలూ కలిసి ఐదో నంబర్ అనే రివాల్వర్ తయారైంది. దాని గురించి కీత్ 1929లో అమెరికన్ రైఫిల్‌మన్ పత్రికలో రాశాడు.

తర్వాత కథ నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఇది పూర్తిగా మన సబ్జెక్ట్. కీత్ ఏళ్ళ తరబడి కంపెనీలని పోరుతూ వచ్చాడు. నేను చేత్తో నింపుకునే ఈ బలమైన తూటాని మీరు ఫ్యాక్టరీలో చేయండి, దానికి తగ్గ రివాల్వరూ చేయండి అని. కంపెనీల భయం ఒకటే. జనం దగ్గర పాత 44 స్పెషల్ రివాల్వర్లు బోలెడు ఉన్నాయి. ఎవరో కొత్త తూటా పాతదానిలో పెడతారు, అది పేలిపోతుంది, కేసు కంపెనీ మీద పడుతుంది. దీనికి దొరికిన పరిష్కారం తూటా ఇత్తడి గొట్టాన్ని ఎనిమిదో వంతు అంగుళం పొడిగించడం. మూడు మిల్లీమీటర్లు! దాంతో కొత్తది పాత సిలిండర్‌లో పట్టదు. పాతది మాత్రం కొత్త రివాల్వర్‌లో హాయిగా పేలుతుంది. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అని మనం చదువుకునేది సరిగ్గా ఇదే, ఉక్కులో.

రెమింగ్టన్ తూటా చేసింది, స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్ చేసింది. 1955 చివర్లో 44 మాగ్నమ్ బయటికొచ్చింది. కీత్ మొదలుపెట్టి అప్పటికి ముప్పై ఏళ్ళు.

మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన యూటాలోని ఆగ్డెన్ ఆయుధశాలలో ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాడు. ఆయన చూసి పాస్ చేసిన రైఫిళ్ళ మీద పేరు పొడి అక్షరాల ముద్ర ఉంటుంది, ఇప్పటికీ కలెక్టర్లు వాటిని వెతికి కొంటారు.

మనిషి పొట్టి, టోపీ పెద్దది, నోట్లో చుట్ట. గొప్పలు చెబుతాడని పేరు. గాయపడి పారిపోతున్న జింకని 44 మాగ్నమ్‌తో 600 గజాల దూరంలో కొట్టానని రాస్తే చాలామంది నవ్వారు. నిజమా కాదా అని జనం ఇప్పటికీ కొట్టుకుంటారు. నేనైతే సగం నమ్ముతాను. ఎందుకంటే ఆయన సంవత్సరాల తరబడి కొండవాలు మీద దూరపు బండలకి గురిపెట్టి రివాల్వర్ పేల్చేవాడు. ఆ సాధన మాత్రం అబద్ధం కాదు.

ఆయన అభిమానుల్లో చాలామందికి పట్టనిది కూడా ఆ సాధనే అనిపిస్తుంది. 44 మాగ్నమ్ బలం రివాల్వర్లలో ఎక్కువే గానీ, మామూలు వేట రైఫిల్ బలంలో దాదాపు మూడో వంతే. అంటే ఎలుగుబంటికి ఎక్కడో ఒకచోట తగిలితే చాలదు, మెదడుకో వెన్నుకో తగలాలి, అదీ మీదికి దూసుకొస్తున్నప్పుడు. ఆ దెబ్బకి చెయ్యి ఝల్లుమంటే రెండో గుండు ఆకాశంలోకే పోతుంది. ఇంకా పెద్దది కావాలని 2003లో 500 మాగ్నమ్ తెచ్చారు. ఆ రివాల్వర్ పొడవు గొట్టంతో రెండు కిలోలు తూగుతుంది. అంత బరువు రోజంతా మొయ్యలేక క్యాంపులో వదిలేసి వెళ్తే, అది చెట్టుకి ఆనించిన రైఫిల్‌తో సమానమే కదా. ఇందులో కీత్ తప్పు కూడా కొంత ఉంది. పెద్ద గుండు, బరువు గుండు అని జీవితాంతం రాశాడు. తన సాధన గురించి కూడా రాశాడు గానీ, జనం గుర్తుపెట్టుకున్నది నంబర్‌నే.

అయినా రివాల్వర్ అన్న ఎంపిక మాత్రం తెలివైనదే. ఎలుగుబంటి మీద పడ్డాక గొట్టం దాని ఒంటికి ఆనించి పేల్చాల్సి రావచ్చు. ఆటోమేటిక్ పిస్టల్‌ని అలా నొక్కితే పైభాగం వెనక్కి జరిగి పేలకపోవచ్చు. రివాల్వర్‌కి ఆ బాధ లేదు. ఒక తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ లాగితే చాలు, ఇంకోటి ముందుకొస్తుంది. ఒక చెయ్యి దాని నోట్లో ఉన్నా రెండో చేత్తో పని అవుతుంది.

1964లో వచ్చిన 41 మాగ్నమ్ వెనకా కీత్ ఉన్నాడు. అమెరికాలో గొప్ప హ్యాండ్‌గన్ షూటర్‌కి ఇచ్చే అవార్డు 1973లో మొదలైతే మొట్టమొదట ఆయనకే ఇచ్చారు. 1981లో పక్షవాతం వచ్చింది. 1984 ఫిబ్రవరి 14న పోయాడు.

ఆయన చివరి రోజుల్లోనే, ఆయన కాలిపోయిన ఆ మిసౌలా పట్టణంలోనే, మోంటానా యూనివర్సిటీ వాళ్ళు ఎలుగుబంట్ల మీద మిరప ఘాటు స్ప్రేని పరీక్షిస్తున్నారు. ఇప్పుడు అక్కడి అడవుల్లో నడిచేవాళ్ళ నడుముకి ఎక్కువగా కనిపించేది ఆ డబ్బానే. అలాస్కాలో జరిగిన ఘటనల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో, స్ప్రే వాడినప్పుడు గోధుమరంగు ఎలుగుబంట్లు 92 శాతం సార్లు చేస్తున్న పని ఆపేశాయి. గురి అంత ఖచ్చితంగా అక్కర్లేదు, చెయ్యి అదరదు. కీత్ బతికుంటే ఆ డబ్బా కట్టుకునేవాడా అంటే నాకు అనుమానమే. కట్టుకున్నా రెండో పక్క 44 కూడా ఉండేది.

ఆయన తుపాకులు 2015లో వేలానికి వచ్చాయి. ఐదో నంబర్ కూడా వాటిలో ఉంది.