పురాణవీరులను పారిస్ వీథికి దించిన దోమియే

తెలుగువారి ఇండ్ల గోడలపై ఒకనాడు వెలసిన రవివర్మ దేవతాచిత్రాలు పెద్దలకు చిరపరిచితములు. 1894లో బొంబాయిలో నెలకొల్పిన అచ్చుకూటంనుండి వెలువడిన ఆ పటాలు పురాణపాత్రలకు సౌమ్యగంభీరమైన మానుషరూపం కల్పించి సామాన్యుని ముంగిటికి తెచ్చాయి. అంతకు అర్ధశతాబ్ది ముందే ఫ్రాన్సు దేశంలో ఒక చిత్రకారుడు, అదే శిలాముద్రణం సాధనంగా, ఇందుకు విపరీతమైన పని చేశాడు. గ్రీకు, రోమను గాథల వీరులను గద్దెల మీదనుండి దింపి, పారిస్ వీథుల్లో నిత్యం కనిపించే గృహస్థుల దేహాలనూ ముఖాలనూ వారికి తగిలించాడు. ఆయన పేరు హోనోరే దోమియే.

దోమియే 1808 ఫిబ్రవరి 26న మార్సెయ్ రేవుపట్టణంలో జన్మించాడు. తండ్రి అద్దాలు బిగించే పనివాడు. కవిగా పేరు పొందాలనే ఆశతో ఆయన పారిస్ చేరాడు; కుటుంబం ఆయనను అనుసరించింది. పేరు రాలేదు సరికదా పేదరికం వెంటబడింది. బాలుడు కొంతకాలం ఒక అమీనా వద్ద కాగితాలు మోశాడు. పుస్తకాల అంగడిలో కొలువు చేశాడు. పిమ్మట అలెగ్జాండర్ లెనోవార్ వద్ద చిత్రలేఖనం అభ్యసించాడు. లూవ్ర్ ప్రదర్శనశాలలోని ప్రాచీన శిల్పాలను చూచి చూచి గీసి చేయి తిప్పుకొన్నాడు. ప్రాచీనుల సౌందర్యాన్ని తెలియక ఆయన పరిహసించాడని ఎవరూ అనలేరు.

జీవనోపాధికి ఆయన శిలాముద్రణాన్ని ఆశ్రయించాడు. సెనెఫెల్డర్ అనే జర్మను దేశస్థుడు 18వ శతాబ్ది చివర కనిపెట్టిన విద్య ఇది. శేరిగూడ, ఇబ్రహీంపట్నం వంటి ఊళ్ళలో తాండూరు నాపరాయిని ఎరుగని విద్యార్థి ఉండడు. అదీ సున్నపురాయే. ఆ జాతిదే అయిన మరింత నున్నని రాతిపలక మీద జిడ్డు కలిగిన బలపంతో బొమ్మ గీసి, పలకను నీటితో తడిపి, సిరా పూస్తారు. నూనె సిరా జిడ్డుగీతలను అంటుకొంటుంది. తడి ఉన్నచోట నిలువదు. కాగితం పరచి అదిమితే బొమ్మ దిగుతుంది. ఉలి పనిలేదు. చిత్రకారుని చేతి వణుకు కూడ చెదరక వేలాది ప్రతులకు ఎక్కుతుంది.

ఈ రాతిబలం ప్రభువులకు త్వరలోనే తెలిసింది. 1831లో దోమియే, లూయీ ఫిలిప్ రాజును ప్రజల సొమ్ము మ్రింగుతున్న మహాకాయునిగా చిత్రించాడు. ఫలితంగా ఆరుమాసాల శిక్ష పడింది. 1832 ఆగష్టులో చెరసాల చేరాడు. ఐనా చేయి ముడుచుకోలేదు. 1834లో పారిస్‌లోని ట్రాన్స్‌నోనాఁ వీథిలో సైనికులు సామాన్యజనులను ఇండ్లలో జొరబడి వధించగా, ఆ గదిని, ఆ శవాలను, తండ్రి క్రింద నలిగిన శిశువును రాతికెక్కించాడు. 1835 సెప్టెంబరులో వచ్చిన శాసనం రాజకీయ వ్యంగ్యచిత్రాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసి, ఆ మార్గాన్ని మూసివేసింది.

రాజును గీయరాదన్నారు; వీరులను గీయరాదని ఎవరూ అనలేదు. 1841 డిసెంబరునుండి 1843 జనవరి వరకు షారివారి పత్రికలో ఆయన ప్రాచీన చరిత్ర అనే పేరుతో 50 చిత్రాలు ప్రకటించాడు. మొదటి చిత్రంలో ట్రాయ్ యుద్ధం గెలిచిన మెనెలాస్ బొజ్జ కదిలిస్తూ దర్పంగా నడుస్తాడు. పదేండ్ల రణానికి కారణమైన హెలెన్ పక్కనే అతనిని వెక్కిరిస్తుంది. తన నీడను తానే వలచిన సుందరుడు నార్సిసస్ ఎముకలు తేలిన బక్కపలచని యువకుడు. శిల్పి పిగ్మాలియన్ మలచిన స్త్రీమూర్తికి ప్రాణం వచ్చీ రాగానే అది వంగి అడిగేది చిటికెడు నస్యం! ఇరువదేండ్లకు ఇల్లు చేరిన యులిసీజ్, భార్య పెనెలోపీ చెంత నిద్రటోపీ పెట్టుకొని సుఖంగా నిద్రపోతాడు.

ఇది పురాణనింద అని కినిసినవారు లేకపోలేదు. కాని కవి బోదలేర్ 1857లో ప్రకటించిన వ్యాసంలో ఈ చిత్రాలను మెచ్చుకొన్నాడు. దోమియే కొట్టినది హోమరును కాదు. హోమరు పేరిట సాగుతున్న అనుకరణను. ఆనాటి కళాపాఠశాలల బహుమానాలన్నీ ప్రాచీన కథలకే; రంగస్థలంపై అరువు వీరత్వానికే చప్పట్లు. డబ్బు గడించిన నగరవాసి ఆ వస్త్రాలలో తన్ను తాను వీరునిగా ఊహించుకొని మురిసిపోతున్నాడు. దోమియే ఆ వస్త్రాలను అట్లే ఉంచి, లోపలి మనిషిని చూపాడు. రాజును గీయనివ్వకుండ శాసనం మూసిన ద్వారం పక్కనే, రాజును నిలబెట్టిన సమాజాన్ని చూపడానికి ఒక కిటికీ దొరికింది.

ఆ నవ్వు ఆయనకు సిరులు తేలేదు. సుమారు 4,000 శిలాచిత్రాలు గీసినా అప్పులు తీరలేదు. 1860లో షారివారి ఆయనను తొలగించింది. మూడేండ్లకు మళ్ళీ పిలిచింది. 1870లో ప్రభుత్వం ఇవ్వజూపిన గౌరవపతకాన్ని ఆయన నిరాకరించాడు. క్రమంగా చూపు మందగించింది. వల్మొందోవా గ్రామంలో తలదాచుకొన్న వృద్ధునికి చిత్రకారుడు కొరో అండగా నిలిచాడని చెబుతారు. 1878లో మిత్రులు పారిస్‌లో ఆయన కృతులను ప్రదర్శించారు; విక్టర్ హ్యూగో ఆ సంఘానికి గౌరవాధ్యక్షుడు. పెద్దల మన్నన దక్కింది కాని ఖర్చులైనా రాలేదు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో దోమియే కన్నుమూశాడు.

ఆయన గీసిన మెనెలాస్ మాత్రం నేటికీ బొజ్జ ముందుకు నెట్టి నడుస్తూనే ఉన్నాడు. ఆ బొమ్మను చూచి నవ్విన పాఠకుడు, ఆ నడక తాను ఎక్కడో చూచినదే అని గుర్తుపట్టి ఒక్కక్షణం ఆగుతాడు. దోమియే కోరుకొన్నది ఆ ఒక్కక్షణమే.